సరిపడుతుందా

కొరియర్ అబ్బాయి ఇచ్చిపోయి వారమైంది.
బ్రాడీపేట మేడమీది గదిలో
టారో ముక్కలు ఇంకా అట్ట వాసనే కొడుతున్నాయి.

కళ్లు కుట్టేసిన రాణి,
పక్కటెముకల్లో కాకిగూడు,
తలకిందులుగా వేలాడేవాడి నాలిక మీద చీమలు.
భయమేయలేదు.
భయమేయనందుకు కాస్త భయమేసింది.

పాత కట్టలో అందరూ నవ్వుతారు.
చావు కూడా తెల్లగుర్రమెక్కి
పెళ్లికొడుకులా వస్తుంది.

గురువారం మస్తాన్‌బీ వచ్చింది,
యార్డులో మిరపతొడిమలు తీసి తీసి
మండే వేళ్లను మజ్జిగ గ్లాసుకి ఆనించుకుని.
రెండు కట్టలూ పరిచాను.
"నవ్వే బొమ్మలొద్దులే అమ్మాయ్,
వడ్డీకిచ్చే బాజీ కూడా ఇట్టాగే నవ్వుతాడు."
కుట్టిన కళ్ల రాణిని చేతిలోకి తీసుకుని
"ఈమెక్కూడా నిద్ర లేదు పాపం" అంది.
తుమ్మింది.
ముక్క మీద ఎర్రటి వేలిముద్ర.
తుడవలేదు నేను.

ఆమెకి సరిపడింది. మరి నాకు?

ఒక్క ముక్క ఉంది:
నెత్తురు లేదు, పుర్రె లేదు,
ఖాళీ కుర్చీ, ఓరగా తెరిచిన తలుపు, అంతే.
దాన్ని తీసి బియ్యం డబ్బా కింద పెట్టాను.
మిగతా డెబ్బై ఏడుతోనే జోస్యం చెబుతున్నాను.

ఎసట్లో బియ్యం పోయడానికి వెళ్లినప్పుడల్లా
డబ్బా
నేను పెట్టినచోట ఉన్నట్టుండదు.