కుంభకోణం సెల్వమణి ఊరు

సజ్జ అంటే మా దిక్కు కిటికీ మీది నీడ.
షార్జాల సజ్జ అంటే లేబర్ క్యాంపు,
పదిహేడో నంబరు రూము,
ఆరు మంచాలు, అయిదుగురం. ఒక్క చెట్టు లేదు.

ఈడ సంవత్సరాలు ఎవరికీ యాదికుండవు.
రాజేశాన్ని ఏ యేడు వచ్చినవే అంటే
కాలువ స్కాము బయటపడ్డ యేడు అంటడు.
నీళ్ళు కాయితాల మీద పారినయి,
బిల్లులు పాసైనయి,
ఆయన బోర్లు మూడూ దుమ్ము కక్కినయి.
పోశెట్టి వచ్చింది కానిస్టేబుల్ పరీక్ష పేపరు
జిరాక్స్ సెంటర్ల దొరికిన యేడు.
రెండుసార్లు ఉరికిండట, రెండుసార్లు గెలిచిండట,
మూడోసారి ఉరుకుడే రద్దు.
ఓదెలుకు సర్కారు లిస్టుల ఇల్లున్నది,
నంబరుతోని, సున్నంతోని, ముందట నిలబడ్డ ఫొటోతోని.
ఫొటోల మనిషి తనే. ఇల్లే ఎవరిదో.
సెలవుల పోయినప్పుడల్లా ఆ ఇంటిని దేవులాడుతడు,
నవ్వులాటకే అంటడు.

రాత్రి పొయ్యి మీద పప్పు, ఫోన్ల వార్తలు.
"మరో భారీ కుంభకోణం" అని యాంకరమ్మ అరిచినప్పుడల్లా
పై మంచం మీదికెల్లి సెల్వమణి తల దించుతడు.
వాళ్ళ ఊరే అది.
మొదట్ల సంబురపడ్డడు,
మా ఊరు మీ టీవీల రోజూ వస్తదే అని.
అర్థం చెప్పినంక రెండు రోజులు మాట్లాడలే.
మూడో రోజు పెరుగన్నం కలుపుకుంట అన్నడు:
మా ఊర్ల తమలపాకులుంటయి, ఇత్తడి దీపాలుంటయి,
చిక్కటి కాఫీ ఉంటది.
మీ దొంగతనానికి
మీ ఊరి పేరు పెట్టుకోవచ్చు గద.

ఏ ఊరిది పెట్టాలె?
నలుగురం ఆలోచించినం, నిజంగనే.
రాజేశం తన మండలం అన్నడు. కాదు, మాదే అన్నడు ఓదెలు.
మాట మీద మాట, కొట్లాట దాక పోయింది.
పప్పు అడుగంటింది.

నేను ఏ యేడు వచ్చిన్నో చెప్పలే.

ఏసీ మెకానిక్కును నేను.
మొన్న దుబాయిల సముద్రం పక్క టవరు, ముప్పై ఎనిమిదో అంతస్తు.
వాచ్‌మన్ తాళం తీసిండు. ఎవరుండరట.
యేడాదికి ఒక్క వారం వస్తరట.
ఖాళీ ఇంట్ల పద్దెనిమిది డిగ్రీలు,
సోఫాల మీద తెల్లబట్టలు.
వంటింటి గోడకు తెలుగు క్యాలెండరు:
తిథులు, వర్జ్యాలు, రాహుకాలం,
పైన మా పట్నం సహకార బ్యాంకు బొమ్మ,
కింద చైర్మన్‌గారి శుభాకాంక్షలు.
షట్టరు దించిన నెల కాడనే ఆగింది పేజీ.
మా ఆమె బీడీలు చుట్టి కట్టిన పైసలు,
పదకొండేండ్లయి,
ఆ షట్టరు ఎన్కనే ఉండె.

ఫిల్టరు కడిగిన. నీళ్ళ పైపు ఊదిన.
క్యాలెండరు ముట్టలే.
ముట్టలే అంటే, చినుగుతదేమోనని
మూల మీద రెండు వేళ్ళు పెట్టి
మిగిలిన నెలలు లెక్కపెట్టిన. నాలుగు.
జాబ్ కార్డు మీద రాసిన: బాగ పనిచేస్తున్నది.

క్యాంపు బస్సుల రెండు గంటలు.
ఏందన్నా అట్లున్నవ్ అని అడిగిండు సెల్వమణి.
చెప్పుదామనుకున్న.
నోరు తెరిస్తే
వాళ్ళ ఊరి పేరే వచ్చేటట్టున్నది.
రోలాల కొన్న తమలపాకు మడిచి చేతుల పెట్టిండు.
నోట్లె పెట్టుకొని
ఊకున్న.