తీసివేత

తార్తులో ఫిబ్రవరి. నది మీద మంచు
ఇంకా మనిషిని మోసేంత మందంగానే ఉంది.
బడివాళ్ళు వడ్రంగం గది ఇచ్చారు మాకు,
శని, ఆదివారాలు, అద్దె లేకుండా.
వెళ్ళేముందు చెక్కపొట్టు ఊడ్చి వెళ్ళాలన్నది ఒక్కటే షరతు.
పధ్నాలుగు మందిమి. తొమ్మిది ఎక్స్‌టెన్షన్ బాక్సులు.
మరిగి మరిగి తారులా చిక్కబడిన కాఫీ.

పాత తెర వ్యవస్థకు సెలవివ్వాలి, అదీ పని.
ఏ కిటికీ ఎక్కడ తెరుచుకోవాలో
మౌస్ బాణం ఎవరి మాట వినాలో
ఇన్నేళ్ళూ తీర్పు చెప్పిన ముసలి పెద్ద అది.
కొత్తది చురుకైనది, అనుమానం జాస్తి.
ఒక ప్రోగ్రామును పక్క ప్రోగ్రాము వైపు
కన్నెత్తి చూడనివ్వదు.

పాతదాంట్లో పదకొండు వేల పంక్తులు నావి.
పగలు పాలకేంద్రంలో వెన్నశాతం కొలవడం,
రాత్రి ఈ కోడు రాయడం.
జీతం లేని రెండో కాపురం అంటుంది మా హెల్వే.

చెరిపేముందు ఒకసారి చదువుదామని కూర్చున్నాను.
ఇల్లు మారేటప్పుడు అలమరలో పరిచిన పాత పేపరు
చదువుతూ కూర్చోవడం లాంటిదే, తెమలదు.
ఒకచోట నా చేతిరాతే పలకరించింది:
"ఇది తాత్కాలికం. రేపు సరిచేస్తాను."
తేదీ చూస్తే 2003 అక్టోబరు.
కొట్టు గోడ మీద "అరువు రేపు" బోర్డులా
ఇరవై రెండేళ్ళుగా అక్కడే వేలాడుతోంది నా రేపు.
దాని మీద ఎన్ని ఆఫీసులు నడిచాయో
ఎన్ని పెళ్ళి ఫొటోలు తెరుచుకున్నాయో
నన్నడక్కండి.

మధ్యాహ్నం బస్సుకి వోరు నుంచి వాంబోలా వచ్చాడు,
తెల్లకర్రకు అంటిన మంచు గడప దగ్గర దులుపుకుంటూ.
అతని కంప్యూటరు అతనికి చదివి వినిపిస్తుంది,
మూకుట్లో పేలాలు వేగినంత వేగంగా.
మాకు ఒక్క ముక్క అర్థం కాదు, అతను మధ్యలో నవ్వుతాడు.
కొత్త వ్యవస్థ ఎక్కించి ఇచ్చాం.
పేలాలు ఆగిపోయాయి.
నొక్కిన మీట ఏదో ఆ గొంతుకు తెలియనివ్వదట.
భద్రత.

అతను గొడవ పడలేదు. కోటు గుండీలు విప్పుకుంటూ అన్నాడు:
"కొత్త ఇంటికి కిటికీలు బాగా పెట్టామంటున్నారు.
కిటికీలతో నాకేం పని?
తలుపెటో చెప్పండి."

పధ్నాలుగు మందిమి పధ్నాలుగు తెరలలోకి తలలు దించాం.

పిల్లె-రీన్ అని, యూనివర్సిటీలో రెండో ఏడు.
రావడం అదే మొదటిసారి, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.
కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.
మెడలో ఉన్ని మఫ్లరు తీసి తన తెరకు కప్పేసింది.
"మీరు వినేది నాకూ వినిపించండి, కొంచెం నెమ్మదిగా."

రాత్రి రెండుసార్లు మొత్తం కూలింది.
మూడోసారి, తెల్లవారుజామున, ఆ గొంతు లేచి
ముక్కుతో చదివిన మొదటి మాట:
"చెత్తబుట్ట. ఖాళీగా ఉంది."
వాంబోలా బల్ల గుద్ది మరీ నవ్వాడు.

ముప్పై ఒక్క పంక్తులు.
ఆ ఒక్క గొంతుకే, అడిగి అనుమతి తీసుకుంటేనే తెరుచుకునే తలుపు.
కురిచీబా నుంచి ఫోనులో జురేమా ఒప్పుకోలేదు,
ఇవాళ తలుపంటారు, రేపు దొడ్డిదారంటారు అంది.
ఆమె మాటా నిజమే. గంటన్నర వాదించుకున్నాం,
అందులో నలభై నిమిషాలు ఒక పేరులో
అడ్డగీత ఉండాలా వద్దా అన్నదాని మీద.
చివరికి గొళ్ళెం ఒకటి అదనంగా బిగించాక
సరే, చూద్దాం అంది.

తర్వాత నా వంతు.
ఒక్క మీట. తెర నిండా ఎరుపు,
ప్రతి పంక్తి ముందూ ఒక తీసివేత గుర్తు.
కింద లెక్క తేలింది:
కలిపినవి ముప్పై ఒకటి,
తీసినవి పదకొండు వేల రెండొందల నాలుగు.
ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేసింది.

ఆ పిల్ల పంక్తులు ఇంకోసారి చూశాను, ఆమోదించాల్సింది నేనే.
పందొమ్మిదో పంక్తి పక్కన చిన్న వ్యాఖ్య:
"ఇది తాత్కాలికం."
అంతే. రేపు అన్న మాట లేదు.
తెలివైన పిల్ల.

సరే అని నొక్కి,
చీపురెక్కడుందో వెతకడానికి లేచాను.