సగం దించిన మీట

యంత్రం మా వేట సంఘానిది,
భుజం నాది.
కుహ్మో ఊరి చివర, పడవల షెడ్డులో,
బల్లకి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది.
ఎవరి తూటాలు వాళ్ళే నింపుకోవాలని
గోడ మీద కాగితం అంటించి ఉంది;
అయినా అక్టోబరు వచ్చేసరికి
అందరి ఖాళీ తొడుగులూ నా బల్ల మీదే గలగలమంటాయి.

మీట ఒక్కటే.
దించి లేపితే ఐదుచోట్ల ఐదు పనులు:
ఒకటి పాత బిళ్ళని కక్కుతుంది,
ఒకటి కొత్త బిళ్ళని మింగుతుంది,
ఒకటి మందు పోయించుకుంటుంది,
ఒకటి నెత్తిన గుండు పెట్టుకుని ఆగుతుంది,
ఒకటి పూర్తయి తొట్టిలో పడుతుంది, టంగుమని.
ఐదు పొయ్యిల మీద వంట,
గరిటె ఒకటే.

పిస్తోలు తొడుగైతే చెప్పినమాట వింటుంది.
ఇది మూస్ దుప్పిని పడగొట్టే రైఫిలుది,
తొమ్మిది పాయింట్ మూడు.
ఒంటికి గొర్రె ఉన్ని కొవ్వు రాయందే అచ్చులోకి దిగదు.
ఎక్కువ రాస్తే దాని భుజాన సొట్ట,
తక్కువ రాస్తే ఇరుక్కుని
నా చేత బూతులు తిట్టిస్తుంది.
మీట చివరి జానెడు దూరం
లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి దించాలి.

అలా దించుతుండగా తలుపు తట్టాడు వెసా మొయిలనెన్.
"హిల్కా, తుయిస్కు రాలేదు.
మధ్యాహ్నం చిత్తడి అడవిలోకి పోయింది.
మెడపట్టీ సిగ్నల్ చెరువు దగ్గర ఆగిపోయింది."
మీట సగంలో వదిలేసి టార్చి అందుకున్నాను.
రెండు గంటలు పిలిచాం.
చెరువు మా గొంతులే మాకు తిరిగిచ్చింది.

వచ్చి కూర్చున్నాను.
చెయ్యి నాకన్నా ముందే పనిలోకి దిగింది.
ఇరవయ్యో ముప్ఫయ్యో పడ్డాక,
తొట్టి కదిపి పాతవీ కొత్తవీ కలిపేశాక,
అప్పుడు అడిగింది తల:
సగంలో ఆగిన ఆ తొడుగులో
మందు ఎంత పడిందని.

అరకొర మందైతే గుండు గొట్టం మధ్యలోనే కూర్చుండిపోతుంది.
దాని వెనకే రెండోది పేలిస్తే
దుప్పి బతుకుతుంది,
కాల్చినవాడి సంగతి చెప్పలేను.

తక్కెడని అడిగాను.
తొడుగులు మూడు కంపెనీలవి, కొన్ని మా నాన్న కాలంనాటివి;
ఒక్కో ఇత్తడిది ఒక్కో బరువు,
తక్కెడ సాక్ష్యం చెల్లలేదు.
చెవి దగ్గర పెట్టి ఊపాను.
ముప్ఫై ఏళ్ళ కాల్పులు నా చెవుల్లో
కీచురాళ్ళై కాపురం పెట్టాయి,
మందు రవ్వల చప్పుడు వాటి గోలలో ఏం వినపడుతుంది?

నూట అరవై ఎనిమిది తూటాలు.
తప్పు ఒక్కదానిది,
ఇంకెవర్నీ వదిలిపెట్టడానికి లేదు.

ఊడదీయడానికి ప్లాస్టిక్ సుత్తి ఉంది.
దాని కడుపులో తూటా పెట్టి చెక్కమొద్దు మీద కొడితే
మూడో దెబ్బకి గుండు రాలుతుంది.
గుండు డబ్బాలోకి, మందు గిన్నెలోకి,
పెన్సిలు ములుకులు తరిగి పోసినట్టు.
పది దాటాక వెసా మళ్ళీ వచ్చాడు.
ఏమీ అడగలేదు, రెండో సుత్తి తీసుకున్నాడు.
కుక్క గురించి నేనూ అడగలేదు.
ఒకసారి మాత్రం చెయ్యి ఎత్తి, ఆగి, విన్నాడు.
"గాలి" అన్నాడు.

డెబ్భై మూడోది.
రవ్వలు గిన్నె అడుగుని కూడా కప్పలేదు.
వెసా హమ్మయ్య అని సుత్తి కింద పెట్టబోయాడు.
"ఒకటి దొరికిందంటే
రెండోది లేదని కాదుగా" అన్నాను.
తొంభై ఐదు మిగిలాయి. అన్నీ ఊడదీశాం.
అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
అంత సరిగ్గా ఉన్నందుకు వాటి మీద కోపం వచ్చింది.

నాలుగింటికి అతను టార్చి తీసుకుని
చెరువు వైపు పోయాడు.
నేను మొదటి తొడుగు ఎక్కించాను.
ఈసారి ఎవరూ ఆపకూడదని తలుపుకి గడియ పెట్టాను.
మీట మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డాను.
వెళ్ళి గడియ తీశాను.

కుక్క దొరికితే
తలుపు తట్టడానికి
వెసా చేతులు ఖాళీగా ఉండవు.