కనీసం ఒకటి

పుస్తకంలో ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది.
ఐదు ఎర్ర బంతులు, మూడు నల్లవి.
ఆ సంచి ఎవరిదో, చూడకుండా అందులో చెయ్యి పెట్టే మనిషికి
ఇంకేం పని లేదో
ఏ పాఠంలోనూ చెప్పరు.

మా ట్రాక్టరులో తోతాపురి. నాలుగు టన్నులు.
చిత్తూరు దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ గేటుకి నూటపదకొండో బండి మాది.
నాయన టైరుకి వీపు ఆనించి కునుకుతున్నాడు.
నేను ట్రైలరు కింద, ఫోను వెలుతుర్లో,
ఎంట్రన్సుకి పంతొమ్మిది రోజులుండగా
ప్రస్తారాలూ సంయోగాలూ.

షబీనా ముందే చెప్పింది:
"వరసుంటే ప్రస్తారం, గంపైతే సంయోగం. ఇంకేం ఆలోచించొద్దు."
నిజమే. కాయలు ఏ వరసలో ఏరినా గంప అదే గంప.
బండ్ల వరస మారిందా,
చెంగల్రాయుడు జాకీ రాడ్డు పట్టుకుని లేస్తాడు.

పది బండ్లని ఎన్ని రకాలుగా నిలపొచ్చు?
ముప్పై ఆరు లక్షల ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు.
నాయనకి చెప్పాను.
"అన్నిట్లో మన బండి ముందుండేవి ఎన్నిమ్మే?"
పదో వంతు, అన్నాను.
"ఆ మాటకి అంత పెద్ద లెక్క దేనికి" అని బీడీ వెలిగించాడు.

పది కాయల్లో రెండు పుచ్చు. మూడు తీస్తే
ఒక్కటీ పుచ్చు కాకపోయే సంభావ్యత
పదిహేనింట ఏడు. సరిగ్గా వచ్చింది.
కానీ గేటు కాడ గ్రేడింగు మనిషి
యాదృచ్ఛికంగా తీయడు.
నాలుగు టన్నుల్లోకి చెయ్యి పెడితే
ఆ చెయ్యి నేరుగా పుచ్చుకాయ దగ్గరికే పోతుంది.

పదకొండున్నరకి ఆ కిటుకు దొరికింది.
"కనీసం ఒకటి" అని కనబడితే
ఒకటికి, రెండుకి, మూడుకి కట్టి కూడుకుంటూ పోవద్దు.
ఒక్కటీ లేనిది కట్టు,
ఒకటిలోంచి తీసెయ్.
ఎంత బాగుందో. లేనిదాన్ని లెక్కపెడితే
ఉన్నది తేలుతుంది.

వెంటనే సొంత లెక్క ఒకటి వేసుకున్నా.
ఈ రోడ్డు మీద ఐదు ఫ్యాక్టరీలు.
రేపు ఒక్కోటి గేటు తీసేదానికి సగం అవకాశం అనుకుందాం.
ఐదూ మూసుండేది ముప్పై రెండింట ఒకటి.
కనీసం ఒకటి తీసేది
ముప్పై రెండింట ముప్పై ఒకటి!
నాయన్ని లేపి చెప్పాను.
ఆయన పక్క బండికి చెప్పాడు. పక్క బండి ఇంకో బండికి.
తెల్లారేలోపు వరసంతా పాకింది,
"ముప్పై ఒకటంట, మునస్వామి కూతురు కట్టిందంట."

తెల్లారింది.
ఐదింట్లో ఒక్కటీ తీయలేదు.

ఎవరూ నన్నేమీ అనలేదు. అదే కష్టంగా ఉండింది.
గుణకారం మళ్ళీ చేశాను, తీసివేత మళ్ళీ చేశాను,
పైవరస కాయలు పచ్చనుంచి పసుపుకి తిరుగుతున్నాయి,
ఈగలు పేజీల మీద వాలుతున్నాయి.
మధ్యాన్నం టీ బంకు కుప్పమ్మ గ్లాసులు కడుగుతా అంది:
"నిన్న రేత్రి ఐదుగురు ఓనర్లూ వొగే బల్ల కాడ కూచోని తిన్న్యారంట.
రేటు తగ్గేదాకా గేటు తీసేది ల్యాదంట."

పుస్తకం తెరిచాను. సూత్రం కింద, సన్న అక్షరాల్లో:
ఘటనలు స్వతంత్రమైనప్పుడు మాత్రమే.
నూరు సార్లు దాటేసిన లైను అది.

రాత్రికి షబీనా మెసేజి:
"నాణెం ఐదు సార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ?"
ముప్పై రెండింట ముప్పై ఒకటి, అని పంపాను.
దాంట్లో అనుమానం లేదు.
నాణేలు ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినవు.

నాయన మెత్తబడిన కాయలు ఏరి రోడ్డు పక్కకి విసురుతున్నాడు.
ఆగి, నా వైపు తిరక్కుండానే అడిగాడు:
"రేపటికెంతమ్మే?"

ఐదూ ఒకటే అయినప్పుడు
ఐదు గేట్లు లేవు, ఒక్కటే గేటు.

"సగం," అన్నాను.

"సగమంటే మేలే కదా" అని
ఇంకో కాయ ఏరాడు.