పలకని హ

రాసేటప్పుడు ముందొక హ ఉంటుంది,
పలికేటప్పుడు ఉండదు.
ఒనొరే.
చివర్లో మన ‘ఒరే’ దాక్కుని ఉందని
అమియాన్ ఊళ్ళో ఎవరికీ తెలియదు.
ఆ కుర్రాడికి అసలే తెలియదు.

పదహారేళ్ళు. కనుబొమల మీద పిండి.
బళ్ళో ఉన్నన్నాళ్ళూ ‘తాతయ్యా’ అని ఏడిపించారు,
అంత పాతకాలం పేరు.
తాతదే నిజానికి.
బీరువాలోంచి తీసిన కోటులా
భుజాలు జారుతున్నా, చేతులు పొడుగైనా
వీడికే తొడిగారు.

తెల్లవారుజాము మూడు గంటలు.
సోమ్ నది కాలువల మీద మంచు,
గిలెన్ దెవొషెల్ కొట్లో ఒక్కటే దీపం.
ఆవిడ వాణ్ణి పేరు పెట్టి పిలవదు.
‘త్యో’ అంటుంది, పికార్డీ యాసలో, బుడ్డోడా అని.
త్యో, వెన్న తే.
త్యో, తలుపెయ్, పిండికి చలేస్తుంది.

ఆ వేళ మే పదిహేను. రేపు రొట్టెలవాళ్ళ పండగ,
సేంతొనొరే పండగ,
ఆ పేరుతోనే కేకు, కొట్టుకి నలభై.
బుల్లి బుల్లి ఉబ్బు ముద్దల్ని
పాకంలో ముంచాలి, వలయంగా అతకాలి,
నడుమ మీగడ నురగ పొయ్యాలి.
పాకం వేళ్ళని కరిచింది.
నా పేరే నన్ను కాల్చింది, అన్నాడు వాడు
నోట్లో వేలు పెట్టుకుని.

జేబులో ఒక రాగి నాణెం ఉంది, అదీ తాతదే.
సముద్రం మీది కొండ రాజ్యం, మొనాకో,
అక్కడి ఒనొరే ప్రభువుల్లో ఒకడి ముఖం,
ముక్కు దాకా చిలుము.
ఆ డబ్బు పొరుగూళ్ళలో చెల్లేది కాదనేవాడు తాత
నవ్వుతూ, చాలా గర్వంగా.

గోడ మీద వేలాడే పాత పార చూపించి
గిలెన్ ఏటేటా చెప్పే కథ మొదలెట్టింది.
ఒక దాది రొట్టెలు కాలుస్తోందట.
తను ఎత్తుకుని పెంచిన పిల్లాడు
బిషప్ అయ్యాడని కబురొచ్చిందట.
వాడా! పక్క తడిపేవాడు!
ఈ పార చిగురిస్తే అప్పుడు నమ్ముతా, అందట.
చేతిలోని చెక్క పార చిగురేసింది,
పూసింది, మల్బరీ పళ్ళు కాసింది.
(మనమైతే రోకలి చిగిర్చిందనేవాళ్ళం,
నమ్మనని చెప్పడానికి.)

మరి పొయ్యిలో రొట్టెలు?
అడిగాడు ఒనొరే.
పార చెట్టైపోతే, వాటినెలా తీసింది?

నలభై ఏళ్ళుగా చెబుతోందావిడ.
ఆ దాదిని గురించి అడిగినవాడు లేడు.
బిషప్ గారేమయ్యాడనే అందరి యావ.
కాసేపు ఆలోచించి, మాడిపోయుంటాయి, అంది.
తర్వాత చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పండగ రోజు తలుపు గంట ఆగలేదు.
ఒక సేంతొనొరే ఇవ్వండి.
ఇద్దరికి సరిపోయే సేంతొనొరే ఉందా?
నా సేంతొనొరే తాడు గట్టిగా కట్టండి, సైకిలు మీద పోవాలి.
పిలిచినప్పుడల్లా వాడు తల తిప్పాడు,
తిప్పినప్పుడల్లా ఎవరో కేకు పట్టుకుపోయారు.
మధ్యాహ్నానికి మెడ నొప్పి.
సాయంత్రానికి
తన పేరు అరిగిపోయిందో, మెరిసిందో
తేల్చుకోలేక మెట్ల మీద కూర్చున్నాడు.

మర్నాడు మూడింటికి గిలెన్ దీపం వేసింది.
గోడ మీద పార.
పార అంచున ఒక పచ్చటి ఆకు.
అద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళింది.
మల్బరీయే. కాలువ గట్టుది,
ఇంకా తడి ఆరలేదు.
ఆకు వెనక, తొడిమ దగ్గర,
బఠాణీ గింజంత పిండి ముద్ద,
దాని మీద ఒక బొటనవేలి ముద్ర.

వాడు వెన్న కోస్తున్నాడు,
ఇటు చూడకుండా, చాలా శ్రద్ధగా.

ఆవిడ ఆకుని ముట్టుకోలేదు.
గొంతు సవరించుకుంది.
ఒనొరే, అంది,
ఇవాళ ఇంకో పార వెతుకు.

ఇద్దరూ వెతుకుతూ ఉండగా
మొదటి వాయి మాడు వాసనొచ్చింది.