జారుముడి

సిల్కు వద్దు, క్యాట్‌గట్ ఇవ్వమని
కందుకూరు ఆపరేషన్ థియేటర్లో మేడమ్ చెయ్యి చాపింది.
బల్లమీద నాగులూరి వెంగమ్మ,
పొగాకు గ్రేడింగుకు పొయ్యే మనిషి.
మత్తులో ఉన్నా వేళ్ళ సందుల్లో ఆకు కమురు పోలేదు.
గర్భసంచి పక్కన రక్తనాళం
బల్లి గొంతులా కొట్టుకుంటోంది.
"నువ్వు కట్టు," అంది నాతో.

కట్టాను. మొదటిసారి.
ఆమె క్లాంపు వదిలింది, నా ముడి జారింది.
కళ్ళజోడు మీద మూడు ఎర్ర చుక్కలు.
తిట్టలేదు. మళ్ళీ నొక్కి పట్టి
"ఈ ముడి ఎక్కడ నేర్చావు?" అంది.

మా నాయన మలకొండయ్య దగ్గర.
ఉదయగిరి దారిలో కొండ కింద మా మంద.
దొడ్డి తడికకు వేసే ప్రతి ముడీ
ఒక్క లాగుకు ఊడాల.
"తోడేలొచ్చిన రాత్రి ఇప్పుకుంటా కూచుంటామా మే?
కట్టేటప్పుడే ఇప్పే సంగతి చూసుకోవాల."
నా వేళ్ళకు తెలిసింది అదొక్కటే.

మేడమ్ చూపించింది.
కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి,
ఆపైన ఇంకోటి,
నమ్మకం చాలక.

రాత్రి డ్యూటీ గదిలో, కిర్రుమనే ఫ్యాను కింద
మాటను ఇప్పి చూశాను.
లిగేచర్. లాటిన్లో లిగారే. కట్టడం.
అంతే.
ఇంకేదో పెద్దది ఉంటుందనుకున్నాను.
ఆబ్లిగేషన్ కూడా దాని కడుపున పుట్టిందేనట,
మనవాళ్ళ ఋణానుబంధానికి దూరపు చుట్టం.
క్యాట్‌గట్‌లో మాత్రం పిల్లి లేదు.
అది గొర్రె పేగు.

పేగుబంధం అని మా అమ్మ
తమ్ముడికి జ్వరమొచ్చినప్పుడల్లా అనేది.
దానికి నిజంగానే ఇంత పొడుగు దారం ఉంటుందని,
అట్ట చించితే స్పిరిట్ వాసనేస్తుందని
ఆమెకేం తెలుసు, నాకేం తెలుసు.

పైకుట్లు తీయించుకుని
వెంగమ్మ పామూరు బస్సెక్కింది.
లోపలి ముడి లోపలే ఉంది.

ఆదివారం ఇంటికి పోయి నాయనకు చెప్పాను.
"మరి ఎప్పుడిప్పుతారు మే?"
ఇప్పం. మూణ్ణెల్లకు ఒళ్ళే తినేస్తది.
గడ్డం గీరుకున్నాడు.
ఇప్పే పనిలేని ముడి
ఆయన బుర్రకు ఎక్కలేదు.
"దేంతో చేస్తారంటివి?"

చెప్పాను.
తల తిప్పి మందవైపు చూశాడు, చాలాసేపు.
కళ్ళ చుట్టూ నల్ల మచ్చలవి, తెల్లవి, ఎర్రవి,
ఒక్కోటీ ఆయనకు మొహం మొహంగా తెలుసు.

"ఏ గొర్రెది? జొడిపిదా, పల్లదా?"

అట్టమీద రాసి లేదు నాయనా.

"రాయొద్దా మరి," అన్నాడు.