తొమ్మిదికి ఒకటి

ముందు చేతి తొడుగులు, నెకేసా.
మాటలు తర్వాత.

ఇది బ్లీచ్ బకెట్.
మందు ఒక మగ్గు, నీళ్ళు తొమ్మిది.
నిన్న కలిపింది పారబొయ్యి.
రాత్రి గడిస్తే దాని పౌరుషం చచ్చిపోతుంది,
వాసన మాత్రం మిగిలి
మనల్ని మోసం చేస్తుంది.

కాన్పు గదిలో నెత్తుటి మడుగు కనబడగానే
కంగారుగా కుమ్మరించకు.
ముందు గుడ్డతో అద్ది తియ్యి.
నెత్తురు క్లోరిన్‌ను తాగేస్తుంది,
వైరస్ దాకా పోనివ్వదు.
అద్దాక పొయ్యి.
పోశాక పది నిమిషాలు ఆగు.

ఆ పది నిమిషాలూ ఏం చెయ్యాలంటావా?
నేనైతే కిటికీలోంచి సరస్సు చూస్తాను.
ఒడ్డున ఒమేనా చేపలు ఆరబోసే ఆడవాళ్ళు
కొంగల మీద కేకలేస్తుంటారు.

ల్యాబ్‌లో ఒగుటు చెప్పాడు:
దాని ఒంటి మీద ఉన్నదల్లా ఒక పల్చటి కొవ్వు చొక్కా.
సబ్బుకి కరుగుతుంది, స్పిరిట్‌కి కరుగుతుంది.
పులుపు ముదిరితే
మన కణాలు తెరిచే దాని తాళంచెవి వంకరపోతుంది.
ఇంత అర్భకురాలా, అనిపించింది నాకు.
ఇంతమందిని పూడ్చింది ఇదా?

పోయినేడు చేపల బజారు నుంచి ఒకామె
సంచీడు నిమ్మకాయలు మోసుకొచ్చింది.
"పులుపుకి చస్తుందట కదా,
పని ముగిశాక లోపల పిండుకుంటే?"
ఒగుటు నవ్వలేదు.
"చచ్చేది గాజుగొట్టంలోనమ్మా.
గాజుకి చర్మం లేదు.
నీకుంది. పులుపు దాన్నే ముందు కొరుకుతుంది.
ఒరుసుకుపోయిన చోటే దానికి తలుపు."
ఆమె కండోముల పొట్లం తీసుకుని
సంచీ ఇక్కడే మర్చిపోయింది.
వారం రోజులు నర్సులు టీలో పిండుకున్నారు.

అన్నట్టు, ఈ బకెట్లో మాత్రం
ఏ పులుపూ కలపకు.
కలిస్తే లేచే గాలి
వైరస్‌ను వదిలేసి మన ఊపిరితిత్తులు వెతుక్కుంటుంది.

మా ఇంట్లోనూ ఒక బకెట్ ఉండేది.
నా మాత్రల డబ్బా బయటపడ్డ రోజు నుంచి
నేను టీ తాగిన కప్పు
మా ఆడబిడ్డ అందులో ముంచేది.
కొలతా లేదు, గడియారమూ లేదు,
ఒక్కోసారి తెల్లారే దాకా.
కప్పు మీద ఎర్ర మందారం ఉండేది.
ముందు గులాబీ రంగయింది,
తర్వాత మచ్చ,
తర్వాత ఏమీ లేదు.

ఆ కప్పులో అది ఎప్పుడూ లేదు, నెకేసా.
ఎంగిలికి అంటదు.
అడుగున కరగని చక్కెర ఉండేది, అంతే.
"తొమ్మిదికి ఒకటి చాలు, వదినా" అన్నాను ఒకరోజు.
ఇంకేదో అనాలనుకున్నాను,
నోట్లోంచి కొలతే వచ్చింది.

అయ్యాయా పది నిమిషాలు?
తుడువు.
మూల నుంచి గుమ్మం వైపుకి.